దాలమ్మ సందేశాల్లోంచి ఏడు మాటలు

జూన్ 11, బుధవారం

ఈ ఉదయం 10:40కి నలభై మూడు సందేశాల మీద సర్వహక్కులు వరుణిక రొయ్యల యూనిట్ పేరు మీదికి మారాయి. వాటిని చెప్పి రాయించిన పదిహేడు మంది ఆడవాళ్లలో నలుగురు మే 19 మధ్యాహ్నం 2:25కి అదే యూనిట్‌లో అమోనియా లీకై చనిపోయారు.

నోటీసు వచ్చినప్పుడు నేను గట్టు-4 బస్టాపు దగ్గర గోడపత్రిక అతికిస్తున్నాను. చేతులకి జిగురు ఉంది. ఫోన్ మోచేత్తో తెరిచి చదివాను. కొత్త యజమాని ఆ సందేశాలను జూన్ 18 సాయంత్రం 6 గంటలకు ఉపసంహరించుకుంటారని అందులో ఉంది. ఆ నిమిషానికి అవి ఎవరి ఫోన్లో ఉన్నా పోతాయి.

ఆ లీకు మీద విచారణ జూన్ 17, ఉదయం 11 గంటలకు.

యూనిట్ వాదన రెండు వాక్యాలు. ముందుగా తమకు ఎలాంటి ఫిర్యాదూ అందలేదు. చనిపోయిన నలుగురూ అనుమతి లేకుండా కంప్రెసర్ గదిలోకి వెళ్లారు. వాళ్లలో తలుపు తీసింది బుడుమూరు దాలమ్మ అని పేరు కూడా ఇచ్చారు.

మే 8 నుంచి 19 వరకు యూనిట్ సందేశాల బోర్డులో పెట్టిన నలభై మూడు సందేశాలూ నేను చదివాను. ఆ బోర్డు ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేదే. వాటిలో ముప్పై ఒకటి ఆ గది వాసన గురించి. మే 12న దాలమ్మ పెట్టినది ఇలా మొదలవుతుంది: "కంప్రెసర్ గది కాడ కళ్లు మండిపోతన్నాయి బాబూ, పైపు"

ఇక్కడికి ఏడు మాటలు. ఒక రచనలో ఒక ఖాతా నుంచి ఏడు మాటలే ఎత్తిరాయవచ్చు. ఈ డైరీ ఒక రచన. నా వాటా అయిపోయింది.

మధ్యాహ్నం హక్కుల సహాయ కేంద్రానికి వెళ్లాను. కౌంటరులో సుభాషిణి గారు మర్యాదస్తురాలు. కుర్చీ చూపించింది.

"ఆ సందేశాలు ఆడవాళ్లవి. ప్రతి సందేశం చివర చెప్పిన మనిషి పేరుంది. దాలమ్మ, గున్నమ్మ, చామంతి అని" అన్నాను.

"ఉందండీ, చూశాను. లోపల రాసిన పేరు సందేశంలో భాగమే అవుతుంది. రచయిత అంటే ఖాతాదారు."

"ఖాతాదారు ఎవరు?"

తెర నావైపు తిప్పింది. మొయ్య కూర్మారావు, ఆ యూనిట్‌లో మేస్త్రీ. నలభై మూడింటికీ ఆయనే రచయిత. ఆయనే సంతకం పెట్టి యూనిట్‌కి ఇచ్చాడు.

"విచారణలో చదవొచ్చా?"

"యజమాని అనుమతి ఇస్తే చదవొచ్చండీ."

"యజమాని యూనిట్ కదా."

"అవునండీ" అంది సుభాషిణి గారు. దరఖాస్తు నమూనా ఇచ్చింది. నింపి అక్కడే ఇచ్చాను. నేను బస్సు ఎక్కేలోపే జవాబు వచ్చింది. అనుమతి లేదు.

జూన్ 12, గురువారం

నీళ్ల బస్సు 7 గంటలకు రావాలి. 8:20కి వచ్చింది. సముద్రం పాత ఊళ్లను తీసుకున్నాక కట్టిన తొమ్మిది గట్ల మీద మంచినీళ్లకి ఇదే దారి. వరుసలో గున్నమ్మ నా ముందు ఉంది. దాలమ్మ ఆమె చెల్లెలు. గున్నమ్మకి నలభై ఆరేళ్లు, ఇరవై ఏళ్లుగా రొయ్యలు ఒలుస్తోంది, చదువు రాదు. ఈ గట్లన్నీ కలిసిన కొత్త కళింగవాడలో ఆఖరి దినపత్రిక ఆగిపోయి తొమ్మిదేళ్లయినా ఆమె నన్ను పేపరమ్మ అనే పిలుస్తుంది.

ఒక్క ఫోన్ నుంచి ఎందుకు పంపారని అడిగాను.

"షెడ్డులోకి ఫోన్లు పట్టుకెల్లనివ్వరు గదా పేపరమ్మా. గేటు కాడే లాగీసుకుంటారు. టీ గదిలో మేస్త్రీ ఫోన్ ఒకటే ఉంటాది, తాడేసి కట్టీసి ఉంటాది. మేకని కట్టినట్టు" అంది.

వరుసలో వెనకున్న అప్పలనరసమ్మ నవ్వింది. ఆమె కూడా పదిహేడు మందిలో ఒకతె. "మేకైతే పాలిచ్చును. అదేటిచ్చినాది?"

పద్ధతి వాళ్లే చెప్పారు. టీకి పది నిమిషాలు. చెప్పాల్సిన మనిషి చెబుతుంది. ఇంటర్ దాకా చదివిన చామంతి టైపు చేస్తుంది. చేసినదాన్ని రెండుసార్లు పైకి చదువుతుంది. అందరూ ఆమె వెంట దాన్ని అంటారు. ఒక్క మాట తేడా వచ్చినా చెప్పిన మనిషి ఒప్పుకోదు, మళ్లీ కొట్టిస్తుంది. ఒకసారి తన జీతం గురించి వేరే వాళ్లు రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి గున్నమ్మ మోసపోయింది. అప్పటి నుంచి షెడ్డులో ఇదే ఆనవాయితీ. చదవడం రాని వాళ్లు తమ మాట తమదిగా ఉంచుకోవడానికి పెట్టుకున్న పద్ధతి.

"అన్నీ నోటికొచ్చునేటి?" అని అడిగాను.

"నావి నాకొచ్చును. దాలివీ వొచ్చును" అంది గున్నమ్మ. నోరు తెరిచింది. నేను బస్సు మీదున్న పోలిక పెట్టె వైపు చూపించాను. నలుగురు కంటే ఎక్కువ మంది వినే చోట ప్రతి మాటా అది హక్కుల రిజిస్టరుతో పోల్చుతుంది. ఆమె నోరు మూసుకుంది.

నిరుడు గట్టు-2లో ఒక మంగలి, చనిపోయిన తన భార్య సందేశాన్ని బొగ్గుతో కొట్టు గోడ మీద రాశాడు. ఆమె ఖాతా ఆమె పనిచేసిన ఆసుపత్రిది. ఇంట్లో ఆరుగురి పేర్లూ ఎనభై రోజులు ఆగిపోయాయి. పేరు ఆగితే బస్సు తలుపు తెరుచుకోదు, నీళ్ల కుళాయి తిరగదు. చేత్తో రాసి అతికించవచ్చు కదా అని నన్నడిగే వాళ్లకి నేను ఆ మంగలి సంగతి చెబుతాను.

కూర్మారావు బిందె పట్టుకుని వచ్చాడు. అతను గున్నమ్మకి వరసకి మరిది. ఆమె వరుసలో చోటివ్వలేదు.

"రావోయ్ రచయితా!" అంది. "నలభై మూడు రాసీసినావట. నీకు సంతకం సెయ్యడానికే అరగంట పడతాది గదరా కూర్మీ. ఎప్పుడు రాసినావు అన్నేసి?"

ఆడవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

"వొదినా, నాకేటి తెల్సు? నా ఫోన్లోంచి ఎల్లాయి కాబట్టి రాసింది నానేనట. రాసింది నానైతే వాసనొస్తందని నాకు ముందే తెల్సునట. తెల్సీ మీ అందర్నీ గదిలోకి తోలినోణ్ని నానేనట. నలుగురి సావూ నా నెత్తినెడతావన్నారు. సంతకం సేస్తే ఆ మాటలే ఉండవు, షెడ్డు తెరుస్తావన్నారు."

"దాలి నెత్తినెట్టినారు గదరా ఇప్పుడు."

అతను బిందె అక్కడే వదిలి వెళ్లిపోయాడు. తన వంతు వచ్చినప్పుడు గున్నమ్మ తన బిందెతోపాటు దాన్నీ నింపింది. అతని గుమ్మంలో పెట్టింది, తలుపు కొట్టలేదు.

జూన్ 13, శుక్రవారం

యూనిట్ వెనక గోడ రోడ్డు నుంచి కనిపిస్తుంది. కంప్రెసర్ గది పైపు ఆ గోడ మీదుగా వెళ్తుంది. రెండో అతుకు దగ్గర గోనెగుడ్డ చుట్టి ఇనుప తీగతో బిగించి ఉంది. ఫోటో తీశాను. ఫోటో నాదే.

గున్నమ్మకి కావలసింది ఒక్కటే. చెల్లెలు తలుపు తీసి నలుగుర్ని చంపిందని కాగితం మీద ఉండకూడదు. తెలుసు, చెప్పింది, అయినా పంపారు అని ఉండాలి. నాకు కావలసిందీ అదే. దానికి తోడు ఆ గోనెగుడ్డ.

జూన్ 14, శనివారం

గోడపత్రికకు రెండు ప్రయత్నాలు చేశాను.

మొదటిది: ఒక్కో కాగితం మీద ఒక్కో సందేశం నుంచి ఏడు మాటలు. నలభై మూడు కాగితాలు, నలభై మూడు గోడలు. మే 12 నాటి ఆ ఏడు మాటలే ఉన్న మొదటి కాగితానికి అచ్చు యంత్రం పచ్చదీపం వెలిగించింది. రెండోదానికి ఎర్రదీపం. ఒకే మనిషి ఒకే ఖాతా నుంచి ముప్పై రోజుల లోపు ఎత్తిరాసేదంతా ఒకే రచన అని తెర మీద రాసింది. నేను చట్టం ఆ మూల దాకా చదవలేదు. ముప్పై ఒక్క ఏళ్ల విలేకరిని, చదివి ఉండాల్సింది.

రెండోది: మాటలు వదిలేసి మిగిలినవి అచ్చు వేశాను. తేదీ, సమయం, చెప్పిన మనిషి, ఎన్ని మాటలు. వాస్తవాలకు యజమాని ఉండడు, ఇప్పటికైతే.

మే 12, ఉదయం 11:05, దాలమ్మ, పందొమ్మిది మాటలు. మే 14, ఉదయం 11:02, గున్నమ్మ, ఇరవై నాలుగు మాటలు. అలా నలభై మూడు పంక్తులు. ఆఖరిది: మే 19, ఉదయం 11:08, దాలమ్మ, పదకొండు మాటలు.

పచ్చదీపం. మూడు చోట్ల అతికించాను. గట్టు-4 బస్టాపులో జనం ఆగి చదివారు. ఎవరూ పైకి చదవలేదు. ఒక ముసలాయన పంక్తుల మీద వేలు జరుపుతూ చివరిదాకా వెళ్లి, "పదకొండు మాటలేనా?" అని అడిగాడు. అవునన్నాను.

"ఏటున్నాది అందులో?"

ఆ వేళ తనను గదిలోకి పంపవద్దని దాలమ్మ అడిగింది. నిన్నటి కంటే ఎక్కువగా ఉందని చెప్పింది. ఇది నా మాటల్లో చెప్పడం కనుక పెట్టె పలకలేదు. ముసలాయన తల ఊపాడు. "అలగని అంది గావాల" అన్నాడు.

అంతే. ఆమె అన్నది వేరు, నేను చెప్పింది వేరు. ఎత్తిరాయడానికి ఉన్న ఆ ఏడు మాటలూ మొదటి రోజే మే 12 సందేశం మీద ఖర్చు పెట్టేశాను. ఆగి ఉంటే ఆఖరి సందేశానికి వాడేదాన్ని.

సాయంత్రం యూనిట్ ప్రకటన వచ్చింది. జాబితాలో విషయం లేదని, రోజుకు మూడు నాలుగు సందేశాలు ఏ షెడ్డులోనైనా మామూలేనని.

జూన్ 16, సోమవారం

గున్నమ్మను సాక్షిగా పిలిచారు. సందేశాలు చూపకూడదు, చదవకూడదు. సాక్షి నోటితో చెప్పవచ్చు. విచారణ గదిలో పోలిక పెట్టె ఉంటుంది. రిజిస్టరులో ఉన్న వరసలో మాటలు వస్తే మైకు ఆగుతుంది, రాసే యంత్రం ఆగుతుంది; సాక్షి పేరు మాత్రం ఆగదు.

ఉదయం పది గంటలకు నా గదికి వచ్చింది. అచ్చు యంత్రం పెట్టె పెట్టుకుని సాధన మొదలుపెట్టాం. గదిలో ఇద్దరమే కాబట్టి ఎర్రదీపం వెలిగినా తప్పు లేదు, లెక్కలోకి రాదు.

"మే 14న ఏం జరిగిందో చెప్పు" అన్నాను.

చెప్పింది. ఇరవై నాలుగు మాటలు, అదే వరస. ఎర్రదీపం.

"వేరే మాటల్లో చెప్పు."

ఆలోచించింది. మళ్లీ చెప్పింది. మొదటి నాలుగు మాటలు మారాయి, తర్వాత అదే వరస. ఎర్రదీపం.

"నాను సూసింది అలగే ఉన్నాది పేపరమ్మా. వేరేగా ఎలాగ సెప్పీది? రొయ్యని రొయ్యనే అనాల గదా. పీత అనమంటే అంతాను, గాని అది పీత కాదు."

"రొయ్యే అను. వెనకది ముందు, ముందుది వెనక పెట్టు."

పెట్టింది. పసుపు దీపం వెలిగింది. ఎర్రదీపం కంటే మేలే. కానీ పసుపుకి మైకు ఆగదు, రాత మాత్రం ఆగుతుంది. రాత లేకపోతే సాక్ష్యం లేదు.

పన్నెండింటికి గంజి తాగాం. పోయిన నలుగురిలో ఒకతైన చామంతి ఎలా చదివేదో గున్నమ్మ చూపించింది. మాట మాటకీ తల ఊపుతూ, కామా వచ్చిన చోట వేలు పైకెత్తుతూ. ఆ పిల్ల మీద కోపం వచ్చిందన్నది. ఎందుకని అడిగితే, "అంత బాగా నేర్పీసినాది. ఇప్పుడు మర్సిపోదావంటే పోదు" అంది.

రెండు గంటలకు నేనొక పని చేశాను. అది సరైనదనే అనుకున్నాను. ఆమె చెప్పినదాన్ని నా భాషలో రాసి, వాక్యం వాక్యం నేర్పించాను. "మే పద్నాలుగున కంప్రెసర్ గది పరిసరాల్లో ఘాటైన వాసన గమనించాం. ఈ విషయం యాజమాన్యం దృష్టికి తీసుకువెళ్లాం."

"పరిసరాలు అంటే ఏటి?"

"చుట్టుపక్కల."

"మరి సుట్టుపక్కల అనెయ్యొచ్చు గదా."

అన్నాం. పసుపు. పరిసరాలు అన్నాం. పచ్చదీపం.

సాయంత్రం ఐదు దాకా నేర్పాను. పదకొండు వాక్యాలు, పదకొండు పచ్చదీపాలు. వెళ్లేముందు గుమ్మంలో ఆగి నవ్వింది. "యాజమాన్యం దృష్టికి తీసుకువెల్లాం. కలకటేరు పెళ్లాంలాగున్నాను గదా" అంది.

జూన్ 17, మంగళవారం

విచారణ 11:10కి మొదలైంది. విచారణాధికారి పెద్దవయసు మనిషి, కళ్లజోడు తరచూ తుడుచుకుంటాడు. యూనిట్ తరఫున ఒక కుర్ర వకీలు. సందర్శకుల్లో పన్నెండు మంది షెడ్డు ఆడవాళ్లు, కూర్మారావు, నేను.

11:25కి గున్నమ్మను పిలిచారు. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. నా వైపు చూడలేదు.

పదకొండు వాక్యాల్లో ఆరు చెప్పింది. పచ్చదీపం కదల్లేదు. రాసే యంత్రం రాస్తూ పోయింది. నేను ఫోటో కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆమె పూర్తి చేస్తే దాన్ని జతచేయాలని అడగడానికి.

వకీలు లేచాడు. "అయ్యా, ఒక్క ప్రశ్నకి అనుమతి. అమ్మా, 'పరిసరాలు' అంటే ఏమిటో చెబుతారా?"

గున్నమ్మ ఆగింది. "సుట్టుపక్కల" అంది.

"మరి మీరు చుట్టుపక్కల అని ఎందుకు అనలేదు? మీరు ఇంట్లో 'పరిసరాలు' అంటారా? 'దృష్టికి తీసుకువెళ్లాం' అంటారా?"

"అన్ను బాబూ."

"ఇవి ఎవరు నేర్పిన మాటలు?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. "పేపరమ్మ నేర్పినాది" అంది. గదిలో అందరూ నన్ను చూశారు.

విచారణాధికారి కళ్లజోడు తీశాడు. "నేర్పించిన సాక్ష్యం నేను తీసుకోలేను అమ్మా. ఈ ఆరు వాక్యాలూ కొట్టేస్తున్నాను. భయపడకండి. మీరు చూసింది మీ సొంత మాటల్లో చెప్పండి."

నేను లేచి నిలబడ్డాను. కూర్చోమన్నారు.

ఆమె తన సొంత మాటల్లో చెప్పింది. మే 14 సందేశం, ఇరవై నాలుగు మాటలు. ఎనిమిదో మాట దగ్గర ఎర్రదీపం వెలిగింది. మైకు ఆగింది. ఆమె ఆగలేదు. దాని తర్వాత దాలమ్మ ఆఖరి సందేశం, పదకొండు మాటలు. కామా వచ్చిన చోట వేలు పైకెత్తింది. మైకు లేకపోయినా చిన్న గది, అందరికీ వినబడింది. ఆ మాటలు నేను ఇక్కడ రాయలేను.

విచారణాధికారి చెయ్యి ఎత్తాడు. "ఆగండమ్మా. రికార్డు కాని మాట నేను వినకూడదు."

"ఇన్నారు గదా బాబూ."

"విన్నాను. కానీ విననట్టే."

"మరి ఏ మాట సెప్పమంటారు? పేపరమ్మ మాట సెప్తే నాది కాదన్నారు. నా మాట సెప్తే కంపినీది అంటంది ఆ డబ్బా. నాకు మూడో మాట లేదు బాబూ. ఉంటే సెప్పనా?"

వకీలు తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. విచారణాధికారి కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకున్నాడు.

"చెల్లెలు పోయిన బాధ నాకు అర్థమవుతుంది" అన్నాడు. ఈ వాక్యానికి పచ్చదీపం వెలిగింది. రాసే యంత్రం దాన్ని రాసింది.

12:15కి ముగించారు. నా ఫోటోను జతచేయడానికి సాక్ష్యం లేదు కనుక ఫోటో తీసుకోలేదు. నిర్ణయం 4 గంటలకు వచ్చింది. ముందస్తు ఫిర్యాదు రుజువు కాలేదు. ప్రమాదానికి కారణం అనధికార ప్రవేశం. యూనిట్ జూన్ 19 నుంచి పని మొదలుపెట్టవచ్చు.

నేర్పడం నా పొరపాటు. నేర్పకపోయినా ఎర్రదీపమే వెలిగేది. రెండూ వాస్తవాలే. రెండోది మొదటిదాన్ని చెరిపేయదు.

బస్సులో గున్నమ్మ నా పక్కన కూర్చుంది. "పరిసరాలు అనకపోయుంటే బాగుండును" అంది. గట్టు-4లో దిగేటప్పుడు నా సంచి అందించింది.

జూన్ 18, బుధవారం

ఉదయం యూనిట్ వెనక గోడ చూడటానికి వెళ్లాను. పైపుకి నీలం రంగు వేశారు. గోనెగుడ్డ మీద నుంచే వేశారు. ఇనుప తీగ కూడా ఇప్పుడు నీలంగా ఉంది. గేటు దగ్గర మేనేజరు కనిపిస్తే పైపు మార్చారా అని అడిగాను. "తనిఖీ అయింది మేడమ్" అన్నాడు. మార్చారా అని మళ్లీ అడిగాను. తనిఖీ అయిందన్నాడు.

మధ్యాహ్నం కూర్మారావు మనిషిని పంపించి షెడ్డు ఆడవాళ్లను తన ఇంటికి రమ్మన్నాడు. ఆ సందేశాలు ఆరింటి దాకా అతని ఫోన్లో ఉంటాయి. నలుగురికి మించి వినకపోతే ఇంట్లో చదవడం తప్పు కాదు. అతను చదువుతాడట.

5 గంటలకు పన్నెండు మందీ వచ్చారు. నలుగురు చొప్పున లోపలికి వెళ్లారు. మిగతా వాళ్లు వినబడనంత దూరంలో వీధి చివర నిలబడ్డారు. నేనూ అక్కడే. మొదటి జట్టుకి ఇరవై నిమిషాలు పట్టింది. కూర్మారావు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు. అప్పలనరసమ్మ బయటకు వచ్చి, "మద్దిలో మద్దిలో మేవే అందించినాం. ఆడికి సరిగ్గా రాదు" అంది. మన మాటలు మనం వినడానికి ఆడి కాళ్లు పట్టుకోవాలా అని ఒకామె గొణిగింది. అయినా వంతు వదులుకోలేదు.

5:20కి గున్నమ్మ వచ్చింది. లోపలికి వెళ్లలేదు. కూర్మారావు ఇంటి మెట్టు మీద, అటు తిరిగి కూర్చుంది. మూడో జట్టు వెళ్తుంటే అతను గుమ్మంలోకి వచ్చాడు.

"వొదినా, రా. నువ్వు, ఇంకో ముగ్గురు. దాలిది ఆకర్న ఉన్నాది."

"నాకొచ్చును. నువ్వు సదివి నాకు ఇనిపించీదేటి?"

"నాకు సదవడం రాదు సరిగ్గా. నువ్వుంటే అందిస్తావని."

ఆమె లేచింది. కానీ నలుగురూ అప్పటికే లోపల ఉన్నారు. ఐదో మనిషి వస్తే ఇంటి దూలానికున్న పోలిక పెట్టె పలుకుతుంది. ఒకామె బయటకు రాబోయింది. గున్నమ్మ చేత్తో వద్దంది. మళ్లీ మెట్టు మీద కూర్చుంది.

5:58కి నేను చూసినప్పుడు ఆమె పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. పెట్టెలు పెదవులు చదవవు, ఇప్పటికైతే. ఒకచోట వేలు పైకెత్తింది.

6 గంటలకు నా ఫోన్ తెరిచి ఉంచాను. నలభై మూడు సందేశాల చోట ఒకే వాక్యం, నలభై మూడు సార్లు: ఈ సందేశాన్ని యజమాని ఉపసంహరించుకున్నారు. లోపల కూర్మారావు గొంతు ముప్పై ఆరో సందేశం మధ్యలో ఆగిపోయిందని తర్వాత చెప్పారు. మూడో జట్టు ఆఖరిది వినలేదు.

ఇంట్లో నుంచి అతను బయటకు వచ్చి ఫోన్ గున్నమ్మకి చూపించాడు. ఆమెకి చదవడం రాదు. "ఏటుందిరా?" అంది.

"ఏటీ లేదు వొదినా."

"రేపటి పని వరస రాసినావా?"

అతను జేబులోంచి కాగితం తీశాడు. గట్టు మీద ఇళ్లు యూనిట్ పనితో ముడిపడి ఉన్నాయి. తెరిచిన రోజు పనికి రాని మనిషి ఇల్లు తర్వాతి రోజు ఇంకొకరి పేరు మీదికి మారుతుంది. కాగితంలో పదమూడు పాత పేర్లు, నాలుగు కొత్తవి ఉన్నాయి. అతను పైకి చదివాడు. అది అతని సొంత రాత కనుక ఏ పెట్టే అభ్యంతరం చెప్పలేదు. తొమ్మిదో పేరు గున్నమ్మది. దాలమ్మ చేసిన పనులు ఇప్పుడు ఆమె వంతుకి వచ్చాయి.

"అలాగే" అంది. కొంగు బిగించుకుని నీళ్ల వరుసకి వెళ్లింది.

ఈ డైరీలో ఆ ఖాతా నుంచి ఏడు మాటలు ఉన్నాయి. ఉపసంహరించుకున్న సందేశంలో ఏడు మాటలకైనా అనుమతి ఉందో లేదో సుభాషిణి గారికి తెలియదు, అడిగి చెబుతానంది.

రేపు, జూన్ 19, గురువారం, ఉదయం 5:10కి గట్టు-4 నుంచి మొదటి షిఫ్టు బస్సు. 5:45కి గేటు దగ్గర ఫోన్లు తీసుకుంటారు. 6 గంటలకు కంప్రెసర్ ఆన్ చేస్తారు. 6:15కి కంప్రెసర్ గది ఊడవడం, తొమ్మిదో పేరు వంతు.